బెంచీలు తీయించిన డాక్టరమ్మ

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, బస్టాండులో ఉద్యోగానికి చేరిన నాటి నుంచీ అందరికీ మైకమ్మే. డ్రైవర్లకి మైకమ్మ, టీ కొట్టువాడికి మైకమ్మ, చివరికి వాళ్ళాయన మోటార్లకి రాగితీగ చుట్టే షాపు దగ్గర కూడా "మైకమ్మగారి ఆయన ఉన్నారా?" అనే అడిగేవాళ్ళు. ప్లాట్‌ఫారాల మధ్య ఓ అద్దాల గది, అందులో ఒక కుర్చీ, ఒక ఫ్యాను, బల్ల మీద మెడ వంచుకుని నిలబడ్డ మైకు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆవిడ పని. చెప్పి గుటక వేసేలోపు ఎవరో ఒకరు వచ్చి అద్దం మీద టకటకా కొట్టి అదే బస్సు గురించి అడిగేవాళ్ళు.

"ఇప్పుడేగా చెప్పాను! చెవులు ఇంట్లో పెట్టొచ్చారా?"

"ఏదో గరగరమంది గానీ అర్థం కాలేదమ్మా."

ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. ఎం.ఏ. చదివిన మనిషి, అదీ సమాజశాస్త్రం, అదీ ఫస్టు క్లాసులో. మనుషులు గుంపుగా ఎందుకు బతుకుతారో పుస్తకాల్లో చదువుకుని, ఆ గుంపుని అద్దంలోంచి చూస్తూ కూర్చోవలసి వచ్చింది. చూసిన కొద్దీ అసహ్యం పెరిగింది. వినకుండా అడిగేవాళ్ళు సగం, విని కూడా అడిగేవాళ్ళు సగం, లోకమంతా ఇంతేనని తేల్చేసుకుంది. వీళ్ళకి చెప్పే మాటలేవో కాలేజీలో పిల్లలకి చెబితే కనీసం రాసుకుంటారు కదా అనిపించేది.

ఆ ఆశకి అసలు కారణం ఆవిడ అక్క మొగుడు. ఆయన కాలేజీ లెక్చరరు. పెళ్ళినాటికి తయారుచేసుకున్న నోట్సునే పసుపుపచ్చబడ్డ కాగితాల్లోంచి ఇంకా చదివి వినిపిస్తూ, అది చదువు చెప్పడమని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి. అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు చెయ్యి గాల్లో తిప్పుతూ అనేవాడు:

"ఉద్యోగాల్లో పెద్దా చిన్నా ఏముంది మరదలా! నేనూ మైకులోనే మాట్లాడతాను, నువ్వూ మైకులోనే మాట్లాడతావు."

అని తనే నవ్వేవాడు. అక్క కూడా నవ్వేది. మైకమ్మ మాత్రం మంచినీళ్ళు అందుకుని తాగేది, నోటికి ఏదో ఒక పని ఉండాలి కాబట్టి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"బావా, మీ కాలేజీలో నాలాంటి వాళ్ళని తీసుకోరా?"

"ఎందుకు తీసుకోరూ? కాకపోతే ఇప్పుడు డాక్టరేటు ఉండాలమ్మా. మా రోజుల్లో అంటే ఎం.ఏ.తో నెట్టుకొచ్చాం గానీ."

ఆ "నెట్టుకొచ్చాం" అన్నప్పుడు ఆయన ముఖంలో కనబడిన తృప్తి చూసి మైకమ్మ ఆ వారంలోనే యూనివర్సిటీకి వెళ్ళి పార్ట్‌టైము డాక్టరేటుకి దరఖాస్తు పెట్టుకుంది. సీటు వచ్చాక ఇంట్లో చెప్పింది. వాళ్ళాయన కాలిపోయిన మోటారులోంచి రాగితీగ లాగుతూ విన్నాడు.

"చెయ్యి. కాకపోతే చదువయ్యాక నన్ను నిలబెట్టి ప్రశ్నలడక్కు."

"ఫెయిలవుతారని భయమా?"

"పాసయితే ఇంకేం చదవమంటావోనని భయం."

గైడుగారి గది మూడో అంతస్తులో. గది బయట వరండాలో స్కాలర్లు వరసగా కూర్చుని ఉండేవాళ్ళు, ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని. ఇంకా రెండో అధ్యాయం దాటనివాళ్ళు కూడా ఒకరినొకరు "ఏం డాక్టర్, ఎలా ఉన్నారు?" అని పలకరించుకునేవాళ్ళు. అందులో ఒకడు గైడుగారి స్కూటరు సర్వీసింగు చూసుకునేవాడు. ఒకావిడ ఆయన మనవడిని బడి నుంచి తీసుకొచ్చేది. నెరిసిన జుట్టున్న ఇంకొకాయన, స్వయంగా ఒక బడికి హెడ్‌మాస్టరు, గైడుగారు సభల్లో చదివే ఉపన్యాసాలు రాసిపెట్టేవాడు, మళ్ళీ ఆ సభకి వెళ్ళి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేవాడు. మైకమ్మ వాళ్ళని చూసి, ఇంత వయసొచ్చి ఈ ఊడిగమేమిటని మనసులోనే ఛీ కొట్టింది.

గైడుగారు ఆవిడని తేరిపార చూసి, "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని అడిగారు.

"మోటారు వైండింగు షాపు సార్."

"అలాగా! మా ఇంట్లో నీళ్ళ మోటారు ఎన్నాళ్ళ నుంచో మూలుగుతోంది."

ఆ మోటారుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇనపముద్ద బరువుకి తొడలు తిమ్మిరెక్కాయి. బాగుచేయించి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చింది. ఆ తర్వాత గైడుగారి మిక్సీ వచ్చింది, ఆయన వియ్యంకుడి కూలరు వచ్చింది. వాళ్ళాయన అన్నీ చుట్టి ఇచ్చేవాడు. వరండాలో ఆ హెడ్‌మాస్టరుగారు కూలరు మోటారు చూసి "బావుంది డాక్టర్, మీది పనికొచ్చే చదువు" అన్నాడు. ఆయన్ని ఈసడించుకునే హక్కు తనకెప్పుడు పోయిందో ఆవిడకే తెలియలేదు.

అయితే పని మాత్రం నిజంగానే చేసింది. తన బస్టాండునే విషయంగా తీసుకుంది: బస్సు కోసం ఎదురుచూసే మనుషులు. డ్యూటీ దిగాక అద్దాల గదిలోంచి బయటికొచ్చి, బెంచీల మధ్య తిరిగి, ఒక్కొక్కరినీ అడిగేది. ఎంతసేపటి నుంచి కూర్చున్నారు? ఎంతసేపైనట్టు అనిపిస్తోంది? మధ్యలో ఏం చేస్తారు? ఎండాకాలం అడిగింది, వానాకాలం అడిగింది. మొదట్లో విసుక్కుంటూ అడిగేది. పోనుపోను ఆశ్చర్యపోయింది. అద్దం మీద టకటకలాడించే మనుషులు, పక్కన కూర్చుని అడిగితే ఎంత స్పష్టంగా మాట్లాడతారో!

ఒక ముసలావిడ చెప్పింది: "ఆలస్యమైతే అయిందమ్మా. ఎప్పుడొస్తుందో నిజం చెబితే చాలు. కూర్చోడానికింత చోటుంటే చాలు. ఇంకేం అడుగుతాం?"

కాస్త అటూ ఇటూగా అందరూ చెప్పింది అదే. మైకమ్మ అదే రాసింది. రాసి, టైపు చేయించి, గైడుగారి ముందు పెట్టింది. ఆయన మొదటి పేజీ చదివారు, చివరి పేజీ చదివారు, పెదవి విరిచారు.

"ఇందులో కొత్తేముందమ్మా? బస్సు ఆలస్యమైతే జనానికి విసుగు, కూర్చుంటే సుఖం. ఇది మా ఇంట్లో పనమ్మాయి కూడా చెబుతుంది."

"అదే నిజం సార్."

"నిజానికి డాక్టరేటు ఇవ్వరు. కొత్తదనానికి ఇస్తారు."

మధ్యలో పేజీలు తిరగేసి ఒకచోట వేలు పెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు కొందరు, నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు, టైము ఎలా గడిచిందో తెలీలేదన్నారని ఆవిడ రాసిన చోటు అది.

"ఇదిగో! నిలబడ్డవాళ్ళకి సమయం తెలీలేదు. కూర్చున్నవాళ్ళకి విసుగొచ్చింది. అంటే ఏమిటి? విసుగుకి మూలం బెంచీ!"

మైకమ్మ తెల్లబోయింది. "సార్, వాళ్ళు కుర్రాళ్ళు. బస్సు రాకపోతే ఇంకా సంతోషం వాళ్ళకి. కూర్చున్నవాళ్ళు ముసలివాళ్ళు, జబ్బు మనుషులు, చంటిపిల్లల తల్లులు."

"ఆ వయసు సంగతి ఫుట్‌నోట్‌లో పెట్టు."

"ఫుట్‌నోట్ ఎవరు చదువుతారు సార్?"

"అందుకేగా అక్కడ పెట్టమంది."

ఇంటికొచ్చి గైడుని నోటికొచ్చినట్టు తిట్టింది. వాళ్ళాయన అంతా విని, "అయితే మానెయ్" అన్నాడు. మానేస్తే వచ్చే భోజనాల్లో బావ ముఖం చూడాలి. "పోనీలే మరదలా, అందరికీ అయ్యే పనా ఇది" అని ఆయన జాలిపడితే వినాలి. అది తలుచుకుని ఆవిడ బల్ల ముందు కూర్చుంది, గైడు చెప్పినట్టే తిప్పి రాసింది. భోజనాల దగ్గర బావ ముఖం చూడలేక చదువుకున్న మనిషి అబద్ధం రాసింది, అంతే. దీనికి ఇంతకంటే గొప్ప కారణం వెతికి లాభం లేదు.

వైవా రోజున వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి తల ఊపుతూ, "నిలుచుండే సమాజం! అద్భుతమైన భావన" అన్నారు. ఆయన ఫుట్‌నోట్ చదవలేదు. హెడ్‌మాస్టరుగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. మైకమ్మ డాక్టరు అయింది. మర్నాడు బస్టాండులో డ్రైవరొకడు వచ్చి, "డాక్టరమ్మా, నాకు రాత్రంతా ఒకటే దగ్గు, ఏ మాత్ర వేసుకోను?" అని అడిగాడు. ఇది ఆ డాక్టరు కాదని చెబితే, "మరి దేనికి పనికొస్తుంది?" అన్నాడు వాడు, ఏ కల్మషమూ లేకుండా.

కాలేజీలకి దరఖాస్తులు పెట్టుకుని కూర్చుంది. ఈలోగా గైడుగారు ఏదో సదస్సులో, రవాణా సంస్థ పెద్దలు ముందు వరసలో ఉండగా, "మా విభాగం కనుగొన్న విషయం" అంటూ బెంచీల సంగతి చెప్పి వచ్చారు. రవాణా సంస్థవాళ్ళకి ఆ మాట అమృతంలా వినిపించింది. బస్టాండు లోపల దుకాణాలు కట్టి అద్దెలకిద్దామని వాళ్ళకి ఎప్పటి నుంచో ఉంది. బెంచీలే అడ్డం. వాటిని పీకేస్తే జనం తిడతారని జంకుతున్నారు. ఇప్పుడు శాస్త్రమే వచ్చి పీకమంది.

ఒక ఉదయం పానాలు, సుత్తులు పట్టుకుని మనుషులు దిగారు. సిమెంటులో పాతేసిన ఇనప బెంచీలని బోల్టులు విప్పి, విప్పలేనివి కోసి, లారీకెత్తారు. డిపో మేనేజరు మైకమ్మ చేతికి ఒక కాగితం ఇచ్చి గంటగంటకీ చదవమన్నాడు. ఆవిడ మైకు దగ్గరికి లాక్కుని చదివింది.

"ప్రయాణికులకు గమనిక. నిలబడి వేచి ఉండటం వల్ల విసుగు తగ్గుతుందని శాస్త్రీయ పరిశోధనలో తేలినందున, మీ సౌకర్యార్థం బెంచీలను తొలగించడమైనది."

అందులో సగం వాక్యం ఆవిడదే, థీసిస్ నుంచి యథాతథంగా ఎత్తేశారు. చదివి ఆగింది, అలవాటు ప్రకారం ఎవరైనా వచ్చి అద్దం కొడతారని చూసింది. ఒక్కరూ రాలేదు. ఈసారి అందరికీ మొదటిసారే అర్థమైంది.

జనం మూటల మీద కూర్చున్నారు. మూటల్లేనివాళ్ళు నేల మీద కూర్చున్నారు. చేరబడటానికి మిగిలింది ఆవిడ గది గోడే కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ అద్దాలకి తలలు ఆనించి ఉండేవి. ఎవరో ఒకాయన, ఒక కాలికి కట్టు ఉన్నవాడు, అద్దం అవతలే కూర్చుని గట్టిగా అన్నాడు: "ఎవడో చదువుకున్న వెధవ చెప్పాడట, నిలబడితే హాయిగా ఉంటుందని. వాడు జన్మంతా నిలబడే చావాలి!" లోపల మైకమ్మ తల వంచుకుని టైము కాగితం చూసుకుంది. వెధవ ఆడదని ఆయనకి తెలీదు.

ఇదంతా ఓర్చుకునేదేమో గానీ, ఊరి నుంచి అత్తగారు వచ్చింది. బస్సు దిగి, కోడలి డ్యూటీ అయ్యేదాకా ఉందామని చూసి, బెంచీ కనబడక నేల మీద చతికిలబడింది. కొడుకు వచ్చేసరికి లేవలేకపోయింది. మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరు కండక్టర్లు చంకల కింద చేతులేసి లేపారు. ఆవిడకి నొప్పి కంటే సిగ్గు ఎక్కువైంది.

"ఎవరమ్మా ఇంత తెలివైన పని చేసింది?" అంది కోడలితో, చీరకి అంటిన మట్టి దులుపుకుంటూ.

మైకమ్మ ఆవిడ సంచీ అందుకుంది. ఇంటికి వెళ్ళాక, తల్లి పడుకున్నాక, వాళ్ళాయన మెల్లగా అడిగాడు.

"ఆ ఫుట్‌నోట్‌లో మా అమ్మ కూడా ఉందా?"

ఆవిడ అవతలి గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు సెలవు పెట్టి రవాణా సంస్థ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ ప్రయాణికుల సౌకర్యాలు చూసే అధికారి మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఎదుటి కుర్చీలో ఫైళ్ళున్నాయి కాబట్టి ఆవిడ నిలబడింది.

"ఆ బెంచీలు తిరిగి వేయించాలండీ. ఆ పరిశోధన తప్పు."

"నువ్వు ఎనౌన్సరువి కదూ?"

"అవునండీ."

"చూడమ్మా, అది డాక్టరేటు చేసిన మనిషి తేల్చిన విషయం. మైకులో బస్సులు పిలిచేదానివి, నువ్వెవరు కాదనడానికి?"

"ఆ డాక్టరేటు చేసింది నేనేనండీ."

ఆయన కుర్చీలో ముందుకి జరిగి, ఎంతో శాంతంగా అన్నాడు.

"మరీ మంచిది. అప్పుడు నువ్వు రాసినదానికి ముగ్గురు ప్రొఫెసర్లు సంతకాలు పెట్టారు. ఇప్పుడు చెప్పేదానికి ఎవరు పెడతారు?"

సరేనని గైడు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆవిడని చూడగానే లేచి నిలబడ్డారు, ఎన్నడూ లేనిది. "రామ్మా రా! థీసిస్సులు అందరూ రాస్తారు. అమలయ్యేది ఎవరిది?" అని చంకలు గుద్దుకున్నారు. తప్పని ఒప్పుకుంటూ ఒక ఉత్తరం రాసిమ్మంది ఆవిడ. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"నేను సంతకం పెడితే నా పేరు పోతుంది. నీ డాక్టరేటు పోతుంది. బెంచీలు మాత్రం రావు. అవి ఈపాటికి తుక్కు కింద పోయుంటాయి. ఎవరికి లాభం చెప్పు?"

ఈ మనిషిని ఇన్నేళ్ళు ఛీ అనుకుంది గానీ ఈ ముక్కలో మాత్రం ఆవిడకి తప్పు దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఛీ అనిపించింది. బయటికొస్తుంటే గైడుగారు వెనక నుంచి, "అన్నట్టు, నీళ్ళ మోటారు మళ్ళీ మూలుగుతోందమ్మా" అన్నారు.

"మూలగనివ్వండి సార్" అంది, మెట్లు దిగుతూనే.

ఆ నెలాఖరులోనే ఒక కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వెళ్ళేముందు గట్టిగా అనుకుంది: అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, గెంటేస్తే గెంటేస్తారు, పీడా పోతుంది. బల్లకి అవతల నలుగురు కూర్చున్నారు. మధ్యలో బిస్కెట్ల ప్లేటు.

"మీ పరిశోధనతో ఏకంగా బస్టాండే మారిపోయిందట!" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"అది తప్పుడు పరిశోధన సార్. నిలబడ్డవాళ్ళు కుర్రాళ్ళు, కూర్చున్నవాళ్ళు ముసలివాళ్ళు. వయసు పక్కన పెట్టి తేల్చాను. తెలిసే చేశాను. జనం చెప్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం."

గది నిశ్శబ్దమైపోతుందనుకుంది. కాలేదు. ఒకాయన బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి కప్పులో పడితే చెంచాతో వెతుకుతున్నాడు. ఒకావిడ ఫోను చూసుకుంటోంది. ప్రిన్సిపాలుగారు మెచ్చుకోలుగా తల ఊపారు.

"బావుంది. స్వీయవిమర్శ ఉంది మీలో. మా కాలేజీకి అలాంటివాళ్ళే కావాలి."

ఉద్యోగం వచ్చేసింది.

చేరకుండా ఉండొచ్చు కదా అంటారేమో. ఆవిడా అనుకుంది. ఒక పూటంతా అనుకుంది కూడా. ఆ పూట అద్దానికి ఆనిన తలల్ని చూస్తూ కూర్చుంటే, వాటి వెనకాలే ఇంకో ఇరవయ్యేళ్ళు కూర్చోవడం తన వల్ల కాదనిపించింది. చేరిపోయింది.

బస్టాండులో ఆఖరి రోజున ఒక పని చేసింది. గదిలోని తన కుర్చీని తలుపు తెరిచి బయట పెట్టి, మిగిలిన డ్యూటీ నిలబడి చేసింది. ఎవరైనా ముసలివాళ్ళు కూర్చుంటారని ఆశ. ఇంతలో కొత్త దుకాణాల కాంట్రాక్టరు వచ్చి, రుమాలుతో కుర్చీ దులిపి, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఫోనులో మాట్లాడటం మొదలెట్టాడు. పక్కనే పిల్లని ఎత్తుకున్న ఒక తల్లి నిలబడి ఉంది. మైకమ్మ బయటికొచ్చి, "లేవండి" అంది.

"ఎందుకు?"

"ఆవిడ కూర్చోవాలి."

"నిలబడితేనే విసుగుండదటగా! మీ మైకులోనే చెప్పారు" అని నవ్వాడు. లేవలేదు. ఆ తల్లి కూడా, "ఫర్వాలేదమ్మా, నా బస్సు వచ్చేస్తుంది" అంటూ పక్కకి జరిగింది. అది రావడానికి ఇంకా చాలాసేపుందని మైకమ్మకి తెలుసు. చెప్పింది. ఆ తల్లి గోడ పక్కకి పోయి కూర్చుంది.

కాలేజీ సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లలు రాసుకుంటారు, నిజమే. తుమ్మినా రాసుకుంటారు. పరీక్షకి రాదంటే ఆ క్షణమే పెన్నులు మూసేస్తారు. అయినా ఆవిడ పాఠం బాగానే చెబుతుందని పేరు. బావ మాత్రం ఆ మధ్య భోజనాలకి పిలిచి, కొత్తవాళ్ళందరికీ "మా మరదలు డాక్టరు, మా లైన్లోకే వచ్చేసింది" అని పరిచయం చేశాడు. ఆవిడ అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది.

కాలేజీకి వెళ్ళాలంటే ఆ బస్టాండులోనే బస్సు మారాలి. బెంచీలున్న చోట ఇప్పుడు వరసగా దుకాణాలు. టీ కొట్టువాడు ప్లాస్టిక్ స్టూళ్ళు తెచ్చి వేశాడు, టీ తాగినంతసేపూ కూర్చోనిస్తాడు. గ్లాసు ఖాళీ కాగానే స్టూలు లాగేస్తాడు. అందుకని జనం చల్లారిపోయిన టీని గుక్కెడు గుక్కెడు చప్పరిస్తూ కూర్చుంటారు.

మొన్నొకరోజు పక్కన నిలబడ్డావిడ, పాపం ఎవరో, మైకమ్మని పలకరించింది.

"ఒక టీ చెప్పండి, స్టూలిస్తాడు. మీకు మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి."

"ఉన్నాయి."

"మరి?"

"వద్దులెండి."

బస్సు వచ్చింది. జనం ఒక్కసారిగా ఎగబడ్డారు. మైకమ్మ కూడా మోచేతులతో నెట్టుకుంటూ ఎక్కింది, ఎవరిదో కాలు తొక్కింది, కిటికీ పక్క సీటు దొరికితే కూర్చుంది.